స్కీ జంప్ లేని విక్రాంత్: ప్రాజెక్టు డైరీ

జూన్ 8

పెట్టె ఇవాళ వచ్చింది. లోపల మన తొలి విమానవాహక నౌక విక్రాంత్ నమూనా మూడు ముక్కలుగా ఉంది. బూడిదరంగు రెజిన్‌తో త్రీడీ ప్రింటర్ మీద చేసినది, స్కేలు 1/350. మూడు ముక్కలనూ బల్ల మీద వరసగా పేర్చి కొలిచాను: 610 మిల్లీమీటర్లు. అసలు ఓడ పొడవు 213 మీటర్ల పైచిలుకు. లెక్క సరిపోయింది. చేసినవాళ్ళు కొలతల దగ్గర నిజాయితీగా ఉన్నారన్న ధైర్యం కలిగింది.

నడిమి ముక్క కొద్దిగా వంగి వచ్చింది. వేడినీళ్ళ బేసిన్‌లో రెండు నిమిషాలు ఉంచి, వంటింటి గ్రానైట్ గట్టు మీద పెట్టి, పైన బరువు ఉంచి చల్లారనిచ్చాను. సరైంది. ముందు ముక్కను మాత్రం విడిగా గుడ్డలో చుట్టి పెట్టాను, ఎందుకంటే దాన్ని కోయాలి.

ఈ నమూనా విక్రాంత్ చివరి రూపానిది. 1987, 1989 మధ్య జరిగిన మార్పుల్లో ముందు డెక్కును 9.75 డిగ్రీల వాలుతో పైకెత్తి స్కీ జంప్ కట్టారు. సీ హారియర్ విమానం ఆ వాలు మీదుగా పరిగెత్తి గాలిలోకి లేస్తుంది. దాంతో అంతకుముందు విమానాలను ఆవిరి బలంతో ముందుకు విసిరిన యంత్రం, ఆవిరి క్యాటపుల్ట్, అవసరం తీరిపోయింది, దాన్ని తీసేశారు. మనలో చాలామందికి తెలిసిన విక్రాంత్ ఇదే. 1997 జనవరి 31న నౌకాదళ సేవ ముగిశాక, 2001 నుంచి 2012 దాకా ముంబైలో మ్యూజియంగా జనం ఎక్కి తిరిగింది ఈ ఓడనే.

నాకు కావలసింది మాత్రం 1971లో పాకిస్తాన్‌తో యుద్ధం నాటి ఓడ. ఎందుకో కూడా రాసి పెట్టుకుంటాను.

మా పెద్దమామయ్య అప్పుడు ఆ ఓడ బాయిలర్ గదిలో పనిచేశారు. 1968లో నేవీలో చేరి, పదిహేనేళ్ళు చేసి 1983లో వచ్చేశారు. ఇప్పుడు భీమిలిలో ఉంటున్నారు. సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు, నేను అంతకుముందు చేసిన చిన్న విక్రాంత్‌ను అద్దాల బీరువాలో చూశారు. చాలాసేపు చూసి, "బాగా చేశావమ్మా. కానీ నేనున్నప్పుడు దీని ముక్కు ఇలా పైకి లేచి లేదు" అన్నారు. ఆయన మాటలో తప్పుపట్టడం లేదు. తెలిసిన మనిషి ముఖం కోసం చూస్తే, ఆ మనిషి అన్నగారి ముఖం కనిపించినట్టు మాట్లాడారు. ఆ మాట నన్ను వదలలేదు.

అందుకని ఈసారి ఒక నియమం పెట్టుకున్నాను. ఇది "విక్రాంత్" నమూనా కాదు. 1971 డిసెంబరు 4న, ఉదయం 11 గంటల వేళ, బంగాళాఖాతంలో ఉన్న విక్రాంత్ నమూనా. ఆ గడియకు చెందనిది ఏదీ దీని మీద ఉండకూడదు.

జూన్ 15

వారమంతా ఫోటోలతోనే గడిచింది. కొలవడానికి ఓడ లేదు. 2014 చివర్లో ముంబైలో విడగొట్టడం మొదలుపెట్టారు. దాని ఉక్కులో కొంత మోటారు సైకిళ్ళలోకి కూడా వెళ్ళింది. ఓడ మిగిలి ఉన్నా నాకు పెద్ద ఉపయోగం ఉండేది కాదు. ముప్ఫై ఆరేళ్ళ సేవలో అది ఎన్నోసార్లు మారింది.

అసలు అది పుట్టడమే మారిపోతూ పుట్టింది. 1943 అక్టోబరులో ఇంగ్లండ్‌లో హెర్క్యులిస్ అన్న పేరుతో నిర్మాణం మొదలైంది. 1945 సెప్టెంబరులో నీళ్ళలోకి దించారు. అప్పటికి రెండో ప్రపంచయుద్ధం ముగిసిపోయింది. 1946లో పని ఆపేసి, సగంలో వదిలేశారు. పదేళ్ళకు పైగా అలాగే పడి ఉన్న ఆ ఓడను 1957లో భారతదేశం కొన్నది. బెల్‌ఫాస్ట్‌లోని హార్లండ్ అండ్ వోల్ఫ్ యార్డులో ఏటవాలు డెక్కు (ఓడ పొడవుకు ఓరగా మళ్ళిన రన్‌వే), ఆవిరి క్యాటపుల్ట్ పెట్టి పూర్తిచేశారు. 1961 మార్చి 4న విజయలక్ష్మీ పండిట్ చేతుల మీదుగా విక్రాంత్ అయింది. ఆ ఏడు మే నెలలో దాని మీద దిగిన మొదటి జెట్‌ను నడిపింది లెఫ్టినెంట్ తహిలియానీ. తరువాతి కాలంలో ఆయనే నౌకాదళాధిపతి అయ్యారు.

ఫోటో వెనుక సంవత్సరం రాసి ఉన్నా నేను నమ్మడం మానేశాను. ఓడే తన వయసు చెబుతుంది. స్కీ జంప్ కనిపిస్తే 1987 తరువాతిది. డెక్కు మీద అంతకుముందటి సీ హాక్ యుద్ధవిమానాలు ఉంటే పాతది. అంతవరకు తేలిక. చిక్కంతా మధ్యకాలంతో వస్తుంది. సీ హారియర్లు 1983లో వచ్చాయి, స్కీ జంప్ ఆ తరువాత కొన్నేళ్ళకు వచ్చింది. కాబట్టి ముక్కు చదునుగా ఉండి, మిగతాదంతా కొత్తగా ఉన్న విక్రాంత్ ఒకటి కొన్నాళ్ళు తిరిగింది. ముక్కు చూసి 1971 అనుకుంటే మోసపోతాం. ఈ సంగతి పెద్ద అక్షరాలతో గోడకు అంటించాను.

నేను రోజూ ఆఫీసుకు బీచ్ రోడ్డు మీదుగానే వెళ్తాను. 1971 యుద్ధం స్మారకంగా కట్టిన విక్టరీ ఎట్ సీ స్తూపం దారిలోనే ఉంది. విశాఖవాళ్ళందరికీ ఘాజీ కథ తెలుసు. కానీ ఆ కథలో విక్రాంత్ ఇక్కడ లేకపోవడమే అసలు సంగతి. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ వెతుకుతూ వచ్చింది విక్రాంత్‌నే. తూర్పు నౌకాదళానికి అధిపతిగా ఉన్న వైస్ అడ్మిరల్ కృష్ణన్, ఓడ ఇక్కడే ఉందన్న భ్రమ కల్పించారు. పెద్ద ఓడకు సరిపోయేంత కూరగాయలు, మాంసం ఊళ్ళో కొనిపించారు. పాత డిస్ట్రాయర్ యుద్ధనౌక రాజ్‌పుత్ చేత విక్రాంత్ పంపుతున్నట్టే వైర్‌లెస్ సందేశాలు పంపించారు. అసలు ఓడ అప్పటికి అండమాన్ దీవుల్లో లంగరు వేసి ఉంది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటే వేళకు ఘాజీ మన రేవు బయట మునిగిపోయింది. రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోతున పేలే బాంబుల) వల్లనా, లోపలి పేలుడు వల్లనా అన్నది ఇప్పటికీ రెండు దేశాలూ రెండు రకాలుగానే చెప్పుకుంటాయి. ఆ తెల్లవారినాటి ఉదయమే నేను చేయబోయే ఉదయం.

జూన్ 29

కోశాను.

ముందు, వాలు ఎక్కడ మొదలవుతుందో తేల్చాలి. కంటికి తెలియదు, వేలికీ తెలియదు. అంత మెల్లగా లేస్తుంది. ఉక్కు కొలబద్దను డెక్కు మీద పొడవునా ఆనించి, వెనుక టార్చి పెట్టాను. కొలబద్ద కింద వెలుతురు గీత కనిపించడం మొదలైన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టాను. డెక్కు అడ్డంగా ఐదు చోట్ల ఇలా చేసి, ఐదు గుర్తులనూ కలిపాను.

గీత వెంట మాస్కింగ్ టేపు ఆరు పొరలు వేసి, దాన్నే రంపానికి దారిగా వాడాను. సన్నని పళ్ళ రేజర్ రంపం. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముక్కుకు మాస్కు కట్టుకుని, నీళ్ళు చిలకరిస్తూ కోశాను. నీళ్ళుంటే పొడి లేవదు, రంపమూ వేడెక్కదు. ఈ పని చేసేవాళ్ళు ఈ ఒక్కటి మాత్రం తేలికగా తీసుకోవద్దు.

నలభై నిమిషాలకు వాలు మొత్తం చేతిలోకి ఊడి వచ్చింది. లోపల బోలుగా ఉంది. వాలుకు తగ్గట్టు ఓడ పక్క గోడలు కూడా ముందుకు వెళ్ళేకొద్దీ ఎత్తు పెరిగి ఉన్నాయి. డెక్కు తీసేస్తే సరిపోదు, గోడలనూ దించాలి. వెనుక నుంచి ముక్కు దాకా నల్లదారం బిగించి కట్టి, ఆ దారం నీడ పడినచోట గీత గీసి, ఆకురాయితో అక్కడిదాకా అరగదీశాను. దారం కన్నా నమ్మదగిన కొలబద్ద నాకు ఇంతవరకు దొరకలేదు.

ఊడివచ్చిన వాలును పారేయలేదు. మా పనిబల్ల మీద కాగితాల బరువుగా ఉంది. 

జులై 6

కొత్త డెక్కు ముందుభాగానికి ఒక మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ షీటు కోసి వేశాను. కింద అడ్డంగా ప్రతి 15 మిల్లీమీటర్లకు ఒక దూలం. ముందు అంచును ఫోటోలు చూసుకుంటూ ఆకురాయితో ఒంపు తిప్పాను.

ఫెవిక్విక్‌తో అతికించడం తప్పైంది. నాలుగో రోజుకే అతుకు వెంట వెంట్రుక మందం చీలిక వచ్చింది. రెజిన్, ప్లాస్టిక్ వేడికి ఒకే తీరున వ్యాకోచించవు. ఫెవిక్విక్ గట్టిది గానీ పెళుసు. మధ్యాహ్నం మా మేడ గదిలో ఉండే వేడికి అది తట్టుకోలేదు. మొత్తం విప్పి, రెండు వైపులా సన్న రంధ్రాలు చేసి, ఇత్తడి తీగ ముక్కలను మేకుల్లా దిగేసి, అరల్డైట్‌తో మళ్ళీ కట్టాను. ఒక రాత్రంతా కదపలేదు.

జులై 13

పుట్టీ, గరుకు కాగితం, మళ్ళీ పుట్టీ. ఐదు సార్లు. అతుకు వేలికి తగలడం లేదు.

ప్రైమర్ కొట్టగానే తెల్లగా మబ్బు కమ్మినట్టు అయింది. వానాకాలం గాలి తేమ. పలచని రంగు ఆరేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమను లాక్కుంటుంది. ఏసీ వేసి గది తలుపులు రెండు గంటలు మూసి ఉంచి, మర్నాడు మళ్ళీ కొట్టాను. సాఫీగా వచ్చింది. సముద్రం ఒడ్డున ఉండేవాళ్ళు జులైలో కిటికీ తెరిచి స్ప్రే చేయకూడదు.

జులై 20

ఇవాళ క్యాటపుల్ట్. ఈ మార్పు మొత్తానికి ప్రాణం ఇదే.

డెక్కు పైనుంచి చూస్తే అది ముందుభాగంలో ఎడమవైపు ఒక సన్నని గాడి, అంతే. అసలు యంత్రం డెక్కు కింద ఉంటుంది: పొడవాటి సిలిండర్లు, వాటిలో పిస్టన్లు. బాయిలర్ల నుంచి వచ్చిన ఆవిరిని ఒక తొట్టిలో ఒత్తిడితో నిలవ చేసి, ఒక్కసారిగా సిలిండర్లలోకి వదులుతారు. పిస్టన్లతో పాటు గాడిలోంచి పైకి కనిపించే షటిల్ దూసుకుపోతుంది. విమానం పొట్ట కింది కొక్కేలకూ షటిల్‌కూ మధ్య ఒక ఉక్కుతాడు ఉంటుంది. షటిల్ ఆ తాడును లాగితే విమానం రెండు మూడు క్షణాల్లో ఎగిరే వేగం అందుకుంటుంది.

గాడిని గీయడానికి రెండు గంటలు పట్టింది. ఉక్కు కొలబద్దను రెండు వైపులా టేపుతో బిగించి, సూదిమొనతో ఒకే దిక్కుగా, బలం పెట్టకుండా, ముప్ఫైసార్లు గీశాను. ఒకేసారి లోతుగా గీస్తే చేయి జారుతుంది. జారిన గీతను ఈ డెక్కు మీద ఎక్కడా దాచలేం. గాడి చుట్టూ ఉండే ఉక్కుపలకల అతుకులను పెన్సిల్‌తో గీసి వదిలాను. ఈ స్కేలులో నిజం గీత అంతకన్నా సన్నంగానే ఉంటుంది.

సాయంత్రం మామయ్యకు ఫోను చేశాను.

"మామయ్యా, క్యాటపుల్ట్ మీంచి సీ హాక్ లేవడం దగ్గరనుంచి చూశారా? గాడి దగ్గర ఆవిరి ఎంత వచ్చేది?"

"యుద్ధంలో నేను పైకి వచ్చిందెప్పుడమ్మా? నా డ్యూటీ కింద. విమానం లేవడం నేను చూడలేదు."

నేను ఏమనాలో తెలియక ఊరుకున్నాను. ఆయనే అందుకున్నారు.

"చూడలేదు గానీ తెలిసేది. పైన క్యాటపుల్ట్ కొట్టగానే కింద మా గేజీ ముల్లు దిగేది. మేం మళ్ళీ ఎక్కించేవాళ్ళం. ఓడంతా ఒకసారి దడదడలాడేది. అదే మాకు విమానం. ఆ మొదటి రోజు ఉదయం ఎనిమిదిసార్లు దిగింది, నాకు బాగా గుర్తు."

ఆ ఉదయం విక్రాంత్ మీంచి లేచిన సీ హాక్‌లు ఎనిమిది. తీరానికి 60 నాటికల్ మైళ్ళ దూరం నుంచి లేచి అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. ఈ అంకె నేను పుస్తకంలో చదివాను. ఆయన ముల్లు మీద చదివారు.

ఫోను పెట్టేశాక ఒక నిర్ణయం తీసుకున్నాను. డెక్కు మీద ఎనిమిదింటినీ చూపించను. నాలుగు అప్పటికే లేచిపోయాయి, ఐదోది క్యాటపుల్ట్ మీద ఉంది, మూడు వెనుక వేచి ఉన్నాయి.

ఆగస్టు 10

మూడు వారాల పని ఇవాళ ఊడదీశాను.

స్తంభం సంగతి. ఓడ మధ్యలో కుడివైపున నిలబడే కట్టడాన్ని ఐలాండ్ అంటారు. పొగగొట్టం, ఓడను నడిపే ఆదేశాలిచ్చే బ్రిడ్జి, రాడార్లు అన్నీ అక్కడే. ఈ నమూనాకు ఇచ్చిన రాడార్లు తరువాతి కాలానివి, ఎల్‌డబ్ల్యూ-05 లాంటివి. వాటిని తీసేసి, రాడార్లను మోసే, ఉక్కు కమ్మీల అల్లికలా ఉండే జాలీ స్తంభాన్ని ఇత్తడి తీగతో నేనే అతికాను. 0.3 మిల్లీమీటర్ల తీగ, డెబ్బై రెండు అతుకులు. చాలా స్పష్టమైన ఒక ఫోటోను ఆధారంగా పెట్టుకున్నాను. ముక్కు చదునుగానే ఉంది, డెక్కు మీద ఆలిజేలు (జలాంతర్గాములను వేటాడే విమానాలు) రెక్కలు మడిచి ఉన్నాయి.

నిన్న రాత్రి అదే ఫోటోను పెద్దది చేసి చూస్తుంటే, వెనుక మూలన సగం తెగిన తోక ఒకటి కనిపించింది. సీ హారియర్ తోక. అంటే ఈ ఫోటో 1983 తరువాతిది. ఆలిజేలు 1987 వరకు ఓడ మీద ఉన్నాయి కాబట్టి అవి ఏ కాలాన్నీ నిరూపించవు. గోడకు అంటించుకున్న హెచ్చరిక నా ఎదురుగానే ఉంది. అయినా స్పష్టమైన బొమ్మ మీద ఆశ దాన్ని చదవనివ్వలేదు.

ఇప్పుడు యుద్ధకాలం ఫోటోలు నాలుగే నమ్ముతున్నాను. నాలుగూ మసక. కనిపించనిది కనిపించినట్టు చేయను. ఉన్నంతలో ఆకారం సరిగా పట్టుకుంటాను. తుపాకుల విషయంలోనూ ఇదే. మొదట్లో 40 మిల్లీమీటర్ల బోఫోర్స్‌లు పదహారు, తరువాత ఎనిమిదికి తగ్గించారు. నాలుగు ఫోటోల్లో ఎక్కడ కనిపిస్తే అక్కడే పెడుతున్నాను.

ఆగస్టు 24

రెండో స్తంభం పూర్తయింది. మొదటిదాని కన్నా నిటారుగా వచ్చింది. డెక్కు ముదురు బూడిద, పక్కలు లేత బూడిద. ఏటవాలు రన్‌వే తెల్లగీతలు టేపు వేసి కొట్టాను; స్టిక్కర్లు ఈ పొడవున ఎప్పుడూ తిన్నగా పడవు.

తుప్పు కారుతున్నట్టు రంగు పూయడం చాలామందికి ఇష్టం. నేను చాలా తగ్గించాను. నెలల తరబడి యుద్ధానికి సిద్ధం చేసిన ఓడ అది.

సెప్టెంబరు 14

విమానాలు.

సీ హాక్ రెక్కల వెడల్పు 11.89 మీటర్లు, నా బల్ల మీద 34 మిల్లీమీటర్లు. పొడవూ దాదాపు అంతే. నాకు నచ్చిన స్కేలులో, నచ్చిన తీరులో దొరకలేదు కాబట్టి కంప్యూటర్‌లో గీసి, స్నేహితురాలి ప్రింటర్ మీద వేయించాను. దీనికోసమే పోయిన నెల గోవా వెళ్ళి, నౌకాదళ విమాన మ్యూజియంలో ఒక పూటంతా గడిపాను. సీ హాక్, ఆలిజే, సీ హారియర్ మూడూ అక్కడ ఆరుబయట ఉన్నాయి.

దగ్గరనుంచి చూస్తే సీ హాక్ చాలా అందమైన విమానం. ఒకే ఇంజను, కానీ దాని వేడిగాలి తోక నుంచి బయటికి రాదు. రెండుగా చీలి, రెక్కలు ఒంటికి అతికేచోట వెనుక నుంచి రెండు పక్కలా వస్తుంది. అందువల్ల తోక సన్నగా, శుభ్రంగా ఉంటుంది. ఈ రెండు రంధ్రాలనూ అర మిల్లీమీటరు డ్రిల్‌తో చేత్తో తొలిచాను. ప్రింటర్ వాటిని పూడ్చేస్తోంది. అవి లేకపోతే అది మరేదో విమానంలా కనిపిస్తోంది. మన నౌకాదళం పశ్చిమ జర్మనీ నుంచి కూడా 28 సీ హాక్‌లు కొన్నది. వాటి నిలువు తోక కొంచెం పెద్దది. నేను పాత రకం తోకే ఉంచాను.

పైన ముదురు సముద్రపు బూడిద, కింద పచ్చదనం కలిసిన లేత రంగు. ముక్కు పక్కన 300వ స్క్వాడ్రన్ తెల్లపులి గుర్తు ఒక మిల్లీమీటరు కూడా లేదు. మూడు చుక్కలతో సరిపెట్టాను. ఎవరైనా భూతద్దం పెట్టి చూస్తే పులి కాదనిపిస్తుంది, మామూలుగా చూస్తే పులే.

ఆలిజేలు రెండు, లిఫ్టు వెనుక, రెక్కలు మడిచి.  విమానం లేచేటప్పుడు ఎవరైనా నీళ్ళలో పడితే తీయడానికి చేతక్ హెలికాప్టర్ ఒకటి గాలిలో పక్కనే ఉండాలి. దాన్ని సన్నని ఉక్కుతీగ మీద నిలబెడతాను.

అక్టోబరు 12

సముద్రం చేయడం మొదలుపెట్టాను. ఈ రెండు వారాల్లో నేర్చుకున్నంత ముందు నాలుగు నెలల్లోనూ నేర్చుకోలేదు.

ఓడ ఎంత వేగంగా వెళ్తోందో తెలియకుండా దాని చుట్టూ అలలు చేయలేం. విక్రాంత్ పుట్టినప్పటి వేగం దాదాపు 25 నాట్లు, అంటే గంటకు 46 కిలోమీటర్లు. 1971లో అంత లేదు. 1970 జూన్‌లో బాయిలర్ల నీటి డ్రమ్ములలో పగుళ్ళు బయటపడ్డాయి, వెల్డింగ్‌తో బాగయ్యేవి కావు. కొత్త డ్రమ్ములు ఇంగ్లండ్ నుంచి రావాలి. నెలల తరబడి ఓడను కదిలించవద్దన్నారు. 1971లో, డ్రమ్ములు రాకుండానే, ఆవిరి ఒత్తిడిని చదరపు అంగుళానికి 400 పౌండ్లకు పరిమితం చేసి పరీక్షలకు తీసుకెళ్ళారు. అలా నడిపితే వేగం 14 నాట్లు. యుద్ధంలో కూడా పూర్తి వేగం దానికి అందుబాటులో లేదు.

విమానాలకు దీని దెబ్బ ఎంతో ఊహించవచ్చు. ఓడ గాలికి ఎదురుగా పరిగెడితే ఆ వేగం విమానం రెక్కకు ఉచితంగా దక్కుతుంది. 25 నుంచి 14కు తగ్గితే పోయేది 11 నాట్లు, గంటకు 20 కిలోమీటర్ల గాలి. ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ కూడా అది లోటే.

నాకు కావలసింది అల. లోతు నీళ్ళలో ఓడతో పాటు నడిచే అలకు ఒక లెక్క ఉంది: వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే హెచ్చించి, 0.64తో గుణిస్తే ఒక శిఖరం నుంచి మరో శిఖరానికి దూరం మీటర్లలో వస్తుంది. 25 నాట్లకు 106 మీటర్లు; నా స్కేలులో 303 మిల్లీమీటర్లు. ఓడ పొడవునా రెండే అలలు, పెద్దవి. 14 నాట్లకు 33 మీటర్లు; స్కేలులో 95 మిల్లీమీటర్లు. ఓడ పక్కన ఆరు అలలకు పైగా, చిన్నవి, దగ్గర దగ్గరగా.

ఇంతకాలం నేను చేసిన ప్రతి ఓడ ముక్కు దగ్గరా నురుగు మీసాలు తీర్చినట్టు ఎగసేది. చూడ్డానికి బాగుంటుందని చేసేదాన్ని. ఈ ఓడకు అది అబద్ధం. బాయిలర్ డ్రమ్ములో పగులు ఉన్నందువల్ల నీళ్ళలో నురుగు తక్కువ. ఓడ లోపల ఎవరికీ కనిపించని ఆ పగులును బయట చూపించగలిగే చోటు నాకు ఇదొక్కటే.

తెల్ల థర్మాకోల్ పలక మీద అలలు చెక్కి, టిష్యూ కాగితాన్ని ఫెవికాల్ నీళ్ళతో పరిచి, ఆరాక రంగు వేశాను. ప్రతి 95 మిల్లీమీటర్లకు పలక అంచున గుండుసూది గుచ్చుకున్నాను, చేయి పాత అలవాటుకు పోకుండా. రంగుకు మా బీచ్ నీళ్ళను నమ్మలేదు. ఒడ్డున ఇసుక కలిసి పచ్చగా ఉంటుంది. చేపల రేవులో పడవ యజమానిని అడిగితే, లోతుకు వెళ్ళేకొద్దీ నల్లనేరేడు పండు రంగు వస్తుందన్నాడు. ఆ మాటనే పట్టుకుని నీలంలో చుక్క ఊదా కలిపాను. పైన మెరుపుకు అక్రిలిక్ జెల్ రెండు పొరలు.

నవంబరు 2

ఓడ సముద్రంలో కూర్చుంది. అతుకు చుట్టూ జెల్ పూసి, నురుగు పలచగా అద్దాను. కంచెల బదులు డెక్కు చుట్టూ ఉండే వలలు అమర్చాను. సాగదీసిన ప్లాస్టిక్ దారంతో ఏరియల్ తీగలు కట్టాను.

ఐదో సీ హాక్‌ను క్యాటపుల్ట్ మీద పెట్టి, పొట్ట కింద నుంచి షటిల్ దాకా రాగి తీగతో తాడు బిగించాను. గాడి వెంట దూదిని పీచు పీచుగా లాగి, అద్దీ అద్దనట్టు అతికించాను: అంతకుముందు లేచిన విమానం మిగిల్చిన ఆవిరి. పొగగొట్టం మీద ముదురు బూడిద రంగు పూసిన దూదిని వెనక్కి వాలేలా పెట్టాను. ఓడ కదులుతున్నట్టే ఉంది.

మనుషులు 5 మిల్లీమీటర్ల ఎత్తు. ఇరవై ఏడుగురు అయ్యారు.

నవంబరు 16

మామయ్య వచ్చారు. అత్తయ్య కూడా.

ఏమీ చెప్పకుండా నమూనా ముందు కుర్చీ వేశాను. ఆయన కళ్ళజోడు మార్చుకుని, ముందు ముక్కు వైపు చూశారు. వేలు గాలిలో ఉంచి, డెక్కు మీద చదునుగా ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించారు. అత్తయ్య "ఇంత ఎండలో నిలబెట్టారా వీళ్ళను" అని మనుషులను చూసి అడిగింది.

"నీళ్ళు ఇలా ఉన్నాయేమ్మా, నెమ్మదిగా పోతున్నట్టుంది?" అన్నారు మామయ్య.

"పద్నాలుగు నాట్లు మామయ్యా. మీ ఒత్తిడికి అంతకన్నా రాదు కదా."

ఆయన నా వైపు తిరిగి చూశారు. తరువాత చాలాసేపు అలలనే చూస్తూ ఉండిపోయారు. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నారని నాకు ఆలస్యంగా అర్థమైంది.

చివరికి పొగగొట్టం దగ్గర ఆగారు.

"ఇది తీసెయ్."

"పొగా? ఓడ నడుస్తున్నట్టు ఉండాలని పెట్టాను."

"నల్లపొగ వచ్చిందంటే కింద మంట సరిగా మండడం లేదని. బ్రిడ్జి నుంచి వెంటనే ఫోను వచ్చేది. పగిలిన డ్రమ్ములతో కూడా మేం శుభ్రంగా మండించాం, అమ్మా. ఆ రోజు మా గొట్టం మీద సన్నని వేడి కనపడేదేమో గానీ పొగ లేదు."

పట్టకారు తెచ్చి ఆయన ఎదురుగానే తీశాను. గొట్టం అంచున అతికిన రెండు పీచులు మిగిలాయి. అవి కూడా తీసేదాకా ఆయన చూస్తూనే ఉన్నారు. క్యాటపుల్ట్ గాడి మీది తెల్లదూది దగ్గరకు పట్టకారు తీసుకెళ్ళి, ఇది కూడానా అని అడిగాను.

"అది ఉంచు. అది మా ఆవిరే" అన్నారు.